సముద్రం పాలు అంటే సముద్రం వాటా



ప్రతి ఏడూ జూలై, ఆగస్టు నెలల్లో ఒక మాట మీ చెవిన పడుతుంది. ధవళేశ్వరం గేట్లు ఎత్తగానే టీవీ కింద స్క్రోలింగ్ మొదలవుతుంది: "లక్షల క్యూసెక్కులు వృథాగా సముద్రం పాలు." అధికారంలో ఉన్నోళ్లూ అదే అంటారు, ప్రతిపక్షంలో ఉన్నోళ్లూ అదే అంటారు. గోదావరికి అటు ఒడ్డున ఉన్న ప్రభుత్వం, ఇటు ఒడ్డున ఉన్న ప్రభుత్వం అన్నిటి మీదా కొట్టుకుంటాయి కానీ ఈ ఒక్క మాట మీద మాత్రం ఇద్దరికీ పేచీ లేదు. రెండు వేల టీఎంసీలు పోతున్నాయని ఒకరు, మూడు వేలు పోతున్నాయని ఇంకొకరు. పోవడం మాత్రం వృథానే అని అందరూ.

ఈ వ్యాసం ఆ "వృథా" అనే మాట మీద. ఎందుకంటే మన ఊళ్లని ముంచింది ముందు నీళ్లు కాదు, ఈ మాట. నీళ్లు వృథా అని ముందు అనిపించాలి. అప్పుడే వాటిని ఆపడం పుణ్యం అవుతుంది. ఆపడం పుణ్యం అయితే, అడ్డం ఉన్న ఊళ్లు త్యాగం చేయాలి. త్యాగం చేయనంటే మనం అభివృద్ధి నిరోధకులం. ఈ వరసలో మొదటి మెట్టు ఆ ఒక్క మాటే. అందుకే దాన్నే పట్టుకుందాం.

2022 జూలై గుర్తుంది కదా. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. 1986 తర్వాత అంత నీరు చూడలేదు. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో మనోళ్లు పిల్లల్నీ మేకల్నీ తీసుకుని గుట్టలెక్కారు. సరిగ్గా ఆ రోజుల్లోనే "ఇన్ని టీఎంసీలు వృథా" అని లెక్కలు వేశారు. సముద్రానికి పోయిన నీళ్లకి లెక్క ఉంది. గుట్ట మీద టార్పాలిన్ కింద ఎన్ని రాత్రులు పడుకున్నామో దానికి లెక్క లేదు.

సరే, కోపం పక్కన పెడదాం. అసలు సముద్రంలో కలిసిన నీళ్లు ఏమవుతాయో చూద్దాం. ఇది మనం నేర్చుకోవాలి. మనల్ని "మీకేం తెలుసు" అనేవాళ్ల ముందు నిలబడి చెప్పగలగాలి.

నీళ్లు ఎక్కడికీ పోవు, తిరుగుతాయి

భూమ్మీద ఉన్న నీళ్లలో 97 శాతం సముద్రంలో ఉప్పునీళ్లే. మిగిలిన మూడు శాతం మంచినీళ్లలో మూడింట రెండు వంతులకు పైగా మంచుగా గడ్డకట్టి ఉంది, మిగతాదాంట్లో దాదాపు అంతా భూగర్భంలో ఉంది. నదులు, చెరువులు, వాగులు, చెలమలు అన్నీ కలిపినా మొత్తం మంచినీళ్లలో ఒక శాతం కూడా రావు. మరి ఇంత తక్కువ నీళ్లతో ఇన్ని వేల ఏళ్లుగా అడవి, మనిషి, జంతువు ఎట్లా బతుకుతున్నాయి? తిరుగుతున్నాయి కాబట్టి. సముద్రం నుంచి లేచిన ఆవిరి గాలిలో సగటున పది రోజులకు మించి ఉండదు. వానై పడుతుంది. వాగై పారుతుంది. నదై మళ్లీ సముద్రానికి పోతుంది. పోతేనే మళ్లీ వస్తుంది.

మన కొండల మీద పడే వాన ఎక్కడిది? వర్షాకాలంలో బంగాళాఖాతం ఉత్తర భాగంలో అల్పపీడనాలు, వాయుగుండాలు పుడతాయి. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా వాయవ్యానికి కదులుతాయి. ఆ దారి ఏమిటో పటంలో వేలు పెట్టి చూడండి. శబరి, సీలేరు, ఇంద్రావతి పుట్టి పారే దారి అది. కోరాపుట్, మల్కన్‌గిరి, బస్తర్, మన ఏజెన్సీ. అంటే గోదావరికి నీళ్లిచ్చే కొండలకి నీళ్లిచ్చేది బంగాళాఖాతం. ఇక్కడ పోడులో సామలు, చోళ్లు మొలకెత్తాలంటే అక్కడ సముద్రం వేడిగా ఉండాలి.

ఆ సముద్రం వేడిగా ఎందుకు ఉంటుంది? ఇక్కడే అసలు సంగతి.

బంగాళాఖాతం మిగతా సముద్రాల్లాంటిది కాదు. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ, ఇన్ని పెద్ద నదులు దీంట్లోనే కలుస్తాయి. మంచినీళ్లు ఉప్పునీళ్లకన్నా తేలిక. అందుకే నదులు తెచ్చిన నీళ్లు, పడిన వాన నీళ్లు సముద్రం పైన ఒక పల్చటి పొరలా పరుచుకుంటాయి. పాల మీద మీగడ ఎట్లా నిలుస్తుందో అట్లా. ఆ పొర కింద ఉన్న చల్లటి ఉప్పునీటిని పైకి రానివ్వదు. ఎండ వేడి ఆ పై పొరలోనే నిలుస్తుంది. అందుకే వర్షాకాలం అంతా బంగాళాఖాతం పై నీరు 28 డిగ్రీలకు పైనే ఉంటుంది. దట్టమైన వాన మబ్బు కట్టడానికి కావాల్సిన వేడి దాదాపు అదే. పక్కనే ఉన్న అరేబియా సముద్రంలో నదుల నీళ్లు తక్కువ, గాలుల ధాటికి చల్లటి నీరు పైకొస్తుంది, రుతుపవనాలు మొదలయ్యాక అది చల్లబడిపోతుంది. మన సముద్రం చల్లబడదు. ఎందుకంటే దాని మీద నదులు కప్పిన దుప్పటి ఉంది.

అర్థమైందా తమ్ముళ్లూ, చెల్లెళ్లూ? ఈ ఏడు సముద్రంలో కలిసిన నది నీళ్లు, వచ్చే వానకి పెట్టుబడి. విత్తనం గింజల్ని చేలో చల్లితే "వృథాగా మట్టిపాలు చేశాడు" అని ఎవడన్నా అంటాడా?

గోదావరి ఒక్కతే ఈ పని చేస్తోందని నేను అనను. గంగా బ్రహ్మపుత్రల వాటా చాలా పెద్దది. కానీ "వృథా" అనే మాట కూడా గోదావరి ఒక్కదాని మీదే అనట్లేదు కదా. గంగ మీదా అంటున్నారు, మహానది మీదా అంటున్నారు. దేశంలో నదులన్నిటినీ కాలువలతో కలిపేస్తామంటున్నారు. ఒక్కొక్కరు ఒక్కో దుప్పటి పోగు లాగితే చివరికి మిగిలేదేంటి? 2006లోనే మన దేశ శాస్త్రవేత్తలు కొందరు ఇదే ప్రశ్న కరెంట్ సైన్స్ పత్రికలో అడిగారు: నదుల్ని కలిపి సముద్రానికి నీళ్లు తగ్గిస్తే బంగాళాఖాతం రుతుపవనం ఏమవుతుంది అని. 2023లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చిన అధ్యయనం ఇంకో వైపు నుంచి చూసింది. నదుల అనుసంధానం వల్ల సాగు పెరిగితే నేలకీ గాలికీ మధ్య తేమ లెక్క మారిపోయి, ఇప్పటికే నీటి కరువున్న ప్రాంతాల్లో సెప్టెంబర్ వాన 12 శాతం దాకా తగ్గే ప్రమాదం ఉందని తేల్చింది. కరువు తీరుస్తామని తవ్విన కాలువ కరువుకే దారి చూపొచ్చన్నమాట. వేల కోట్ల ప్రాజెక్టుల నివేదికల్లో ఈ ప్రశ్నకి ఎంత చోటిచ్చారో ఒకసారి వెతకండి.

సముద్రంలో కూడా నదులున్నాయి

సముద్రం పెద్ద గుంట, నీళ్లు అందులో పడి ఊరుకుంటాయి అనుకుంటాం. కాదు. సముద్రంలోనూ ప్రవాహాలున్నాయి. మన తూర్పు తీరం వెంబడే ఒకటి ఉంది. వర్షాకాలం ముందు అది ఉత్తరానికి పారుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దిశ మార్చుకుని దక్షిణానికి పారుతుంది. వర్షాకాలంలో నదులు పోసిన మంచినీళ్లని మోసుకుంటూ శ్రీలంకని చుట్టి అరేబియా సముద్రం దాకా తీసుకెళ్తుంది. అంటే శబరిలో కలిసిన మన వాగు నీళ్లు కూనవరం దగ్గర గోదావరిలో కలిసి, అంతర్వేది దాటి, కేరళ పక్క సముద్రం దాకా పోగలవు.

దీనికన్నా పెద్ద ప్రవాహం ఇంకోటుంది, ప్రపంచం మొత్తాన్ని చుట్టేది. గ్రీన్‌లాండ్ పక్కన, అంటార్కిటికా చుట్టూ నీరు బాగా చల్లబడి, ఉప్పు ఎక్కువై, బరువెక్కి అడుగుకి దిగుతుంది. అడుగునే మెల్లగా ప్రయాణించి, వేరే సముద్రాల్లో పైకి తేలి, మళ్లీ తిరిగొస్తుంది. ఒక చుట్టు పూర్తికావడానికి దాదాపు వెయ్యేళ్లు. దీన్ని ముఖ్యంగా నడిపేవి రెండు: వేడి, ఉప్పు. ఇప్పుడు గ్రీన్‌లాండ్ మంచు కరిగి, మంచినీళ్లు రాకూడని చోట రాకూడనంత వస్తున్నాయి. నీరు తేలికై అడుగుకి దిగడం తగ్గుతోంది. ఈ శతాబ్దంలో అట్లాంటిక్‌లో ఈ ప్రవాహం బలహీనపడుతుందని ఐక్యరాజ్య సమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ చెప్పింది. అది బలహీనపడితే యూరప్ చలి, ఆఫ్రికా వానలే కాదు, మన రుతుపవనం కూడా కుదుపుకు లోనవుతుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, సముద్రం ఒక తూకం మీద నడుస్తోంది. ఉప్పెంత, మంచినీళ్లెంత, ఏ చోట, ఏ నెలలో అన్నది ఆ తూకం. ఒక చోట మంచినీళ్లు ఎక్కువైతే ప్రమాదం, ఇంకో చోట తక్కువైతే ప్రమాదం. వేల ఏళ్లుగా కుదిరిన ఈ తూకంలో చెయ్యి పెట్టి, మిగిలిందంతా వృథా అనడానికి ఎవరికి ఏ అధికారం ఉంది?

మన తెలుగు మాటలోనే జవాబుంది. "పాలు" అంటే వాటా. పాలు పంచుకోవడం అంటే వాటా పంచుకోవడం. "సముద్రం పాలు" అంటే సముద్రానికి రావాల్సిన వాటా. మాట సరిగ్గానే ఉంది. ముందు తగిలించిన "వృథాగా" అనేదే అబద్ధం.

నది ఒక్క నీళ్లే తీసుకుపోదు

నది నీళ్లతో పాటు ఒండ్రు తీసుకుపోతుంది. కోనసీమ కొబ్బరి తోట నిలబడిన నేల మన కొండల నుంచి కొట్టుకొచ్చిన మట్టి. డెల్టా అంటే నది వేల ఏళ్లు మోసి కట్టిన ఇల్లు. సముద్రం ఆ ఇంటిని రోజూ కొరుకుతుంటుంది. నది రోజూ కొత్త మట్టి పోసి సరిచేస్తుంటుంది. ఎగువన ఆనకట్టలు కట్టాక మట్టి రిజర్వాయర్లలో ఆగిపోయింది. 1970లతో పోలిస్తే 1990లకే గోదావరి తెచ్చే ఒండ్రు సగానికన్నా తగ్గిపోయింది. కాకినాడ పక్కన ఉప్పాడ వెళ్లి చూడండి. ఇళ్లు, గుళ్లు, రోడ్డు సముద్రంలోకి పోతున్నాయి. రాళ్లు పోసినా ఆగట్లేదు. అక్కడి మత్స్యకారులు ఎన్నిసార్లు ఇల్లు వెనక్కి జరుపుకున్నారో అడగండి. వాళ్లూ నిర్వాసితులే. మనల్ని ఆనకట్ట ఎగువన ముంచింది, వాళ్లని దిగువన కోసేస్తోంది. వాళ్లకి ప్యాకేజీ కూడా లేదు, కాంటూరు లెక్క కూడా లేదు.

కోరింగ మడ అడవుల సంగతి చూడండి. మడ చెట్టు ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే చోట పెరుగుతుంది. నది నీళ్లు తగ్గితే ఉప్పు పెరిగి మడ చెట్లు గిడసబారతాయి. తుఫానొచ్చినప్పుడు అలని మొదట ఎదుర్కొనేది ఆ చెట్లే. రొయ్య పిల్ల, పీత పిల్ల పెరిగేది ఆ వేళ్ల మధ్యే.

పులస చేప మీ అందరికీ తెలుసు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు గోదావరి జిల్లాల్లో. సముద్రంలో ఉన్నప్పుడు అది విలస. గోదావరికి ఎర్రనీరు రాగానే, ఆ వరదకి ఎదురీది గుడ్లు పెట్టడానికి నదిలోకి వస్తుంది. అప్పుడే పులస అవుతుంది. వరద నీళ్లు సముద్రంలో కలవకపోతే దానికి పిలుపు అందదు. టీవీ వాళ్లు ఉదయం "వరద నీళ్లు వృథా" అని చూపిస్తారు, సాయంత్రం "పులస కిలో వేలల్లో" అని చూపిస్తారు. రెండూ ఒకే నీళ్ల వార్తలని వాళ్లకి తట్టదు.

నీళ్లని ఒక్క చుక్క వృథా పోనివ్వకపోతే ఏమవుతుందో చూడాలనుంటే కృష్ణని చూడండి. 2000ల మొదట్లో వరుస కరువు ఏళ్లలో కృష్ణ నుంచి సముద్రానికి దాదాపు ఏమీ పోలేదు. ప్రతి చుక్కా ఆపారు. అభివృద్ధి భాషలో అది విజయం. దివిసీమ రైతుని అడగండి ఆ విజయం ఎట్లా ఉందో. నది తోయకపోతే సముద్రం లోపలికి తోసుకొస్తుంది. బోరు వేస్తే ఉప్పునీళ్లు.

మంచినీళ్లు ఆపుతారు, విషం వదులుతారు

ఇప్పుడు అసలు మోసం దగ్గరికి వద్దాం.

సముద్రంలో నీళ్లు కలిస్తే గుండెలు బాదుకునేవాళ్లు, సముద్రంలో ఇంకేం కలుస్తుందో ఎప్పుడైనా మాట్లాడారా? శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా తీరం వెంట మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు వచ్చాయి. వాటి వ్యర్థ జలాల్ని పైపులైన్లు వేసి సముద్రంలోకి వదలడానికి అనుమతులిచ్చారు. నగరాల మురుగు కాలువలు సముద్రంలోకే. 2021లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన లెక్క చూడండి: దేశంలో పట్టణాల నుంచి రోజుకి 72 వేల మిలియన్ లీటర్లకు పైగా మురుగు వస్తోంది. అందులో నిజంగా శుద్ధి అవుతున్నది 20 వేల పైచిలుకు. మిగతాదంతా వాగుల్లోకి, నదుల్లోకి, చివరికి సముద్రంలోకి. అదే మండలి 2022లో దేశంలో 311 నదీ భాగాలు కలుషితమయ్యాయని చెప్పింది.

అంటే వీళ్ల లెక్క ఇది: మంచినీళ్లు సముద్రంలో కలిస్తే వృథా. విషం సముద్రంలో కలిస్తే పరిష్కారం.

"సముద్రం పెద్దది, అన్నీ కలిసిపోతాయి" అంటారు. కలిసిపోవు. ఇప్పుడే చెప్పుకున్నాం కదా, సముద్రంలో నీరు పొరలు పొరలుగా ఉంటుందని, తీరం వెంబడి ప్రవాహాలుంటాయని. బంగాళాఖాతంలో పై పొర, కింది పొర త్వరగా కలవవు. ఒక చోట వదిలింది తీరం వెంబడే ఊరూరా తిరుగుతుంది. పొలాల నుంచి కొట్టుకొచ్చిన ఎరువుల నత్రజని, మురుగు కలిసి తీరంలో నాచు విపరీతంగా పెరుగుతుంది. ఆ నాచు చచ్చి కుళ్లేటప్పుడు నీళ్లలో ప్రాణవాయువుని తినేస్తుంది. బంగాళాఖాతం లోతుల్లో, వంద మీటర్ల కింద నుంచి కొన్ని వందల మీటర్ల దాకా, ఇప్పటికే ప్రాణవాయువు చాలా తక్కువగా ఉన్న పొర ఉంది. ప్రపంచ సముద్రాల్లో అలాంటి చోట్లు కొన్నే. అప్పటికే ఊపిరాడని మనిషి ముఖం మీద దిండు పెట్టడం లాంటిది మనం చేస్తున్న పని.

దీనికి తోడు పొగ. బొగ్గు, చమురు కాల్చడం వల్ల భూమ్మీద పెరిగిన అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రమే మింగింది. మనిషి వదిలిన బొగ్గుపులుసు వాయువులో దాదాపు నాలుగో వంతు కూడా అదే మింగింది. మింగి ఊరుకోలేదు, తిరిగిస్తోంది. వేడెక్కిన సముద్రం తుఫాన్లకి బలమిస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖని కొట్టినప్పుడు తీరంలో ఆగలేదు, అరకు కొండల మీద కాఫీ తోటల్ని, వాటికి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లని పడగొట్టింది. 2018లో తిత్లీ ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలమట్టం చేసి గజపతి జిల్లా కొండలెక్కింది. ఏసీ గదుల్లో, ఫ్యాక్టరీల్లో కాల్చిన బొగ్గుకి బిల్లు అడవిలో కాఫీ గింజ ఏరుకునే ఆడమనిషి కట్టింది.

నదిలో నీళ్లు తగ్గిస్తే ఇంకో కీడు కూడా ఉంది. అదే మురుగు, అదే రసాయనం తక్కువ నీళ్లలో పడితే చిక్కబడుతుంది. వరద ఏడాదికోసారి నదిని కడుగుతుంది. ఆ కడిగే నీళ్లనే "మిగులు జలాలు" అని పేరు పెట్టి మళ్లిస్తామంటున్నారు.

కొండ సముద్రానికి తలాపు

"మీరు అడవిలో ఉంటారు, సముద్రంతో మీకేం పని" అని అడుగుతారు. అడగనివ్వండి. సముద్రం మొదలయ్యేది విశాఖ బీచ్ దగ్గర కాదు. అనంతగిరి కొండ మీద ఊట దగ్గర.

తూర్పు కనుమల కొండల నెత్తిన బాక్సైట్ పొర ఉంది. కంపెనీకి అది అల్యూమినియం. మనకి అది నీళ్ల కుండ. అది గుల్లగా ఉంటుంది, వానని పీల్చుకుని ఎండాకాలం దాకా ఊటలుగా వదులుతుంది. ఏప్రిల్‌లో కూడా మన గెడ్డలు పారుతున్నాయంటే కారణం అదే. ఆ గెడ్డలే గోస్తనీ, శారదా అవుతాయి. తాటిపూడి, రైవాడ నిండేది వాటితోనే. విశాఖలో కుళాయి తిప్పే ప్రతి ఇల్లు మన కొండకి బాకీ. 2015లో 97వ నంబరు జీవో ఇచ్చి జెర్రెల కొండల్లో 1,212 హెక్టార్ల అడవిని బాక్సైట్‌కి మళ్లించబోయారు. మనోళ్లు కొట్లాడారు, 2019లో అది రద్దయింది. అప్పుడు మనం కాపాడింది కొండని ఒక్కదాన్నే కాదు. సముద్రంలో కలిసే నీళ్లని కూడా కాపాడాం.

నియమగిరి సంగతి తెలుసు కదా. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభలే తేల్చాలంది. 12 గ్రామసభలు పెట్టారు. పన్నెండూ గనులు వద్దన్నాయి. ఆ కొండల నీళ్లు వంశధారలోకి వస్తాయి. వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. శ్రీకాకుళం రైతు పొలంలో పారే నీళ్లలో డోంగ్రియా కోందుల పన్నెండు తీర్మానాలు ఉన్నాయి. ఆ రైతుకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మనం చెప్పాలి.

ఇప్పుడు అవే కొండల మీదికి పంప్డ్ స్టోరేజ్ పేరుతో వస్తున్నారు. పర్యావరణ హిత విద్యుత్తు అంటున్నారు. గెడ్డలకి అడ్డం కట్టి, అడవి ముంచి, కొండ తొలిచి చేసేది ఎవరి పర్యావరణానికి హితం?

"మరి రైతు ఎండిపోవాలా?"

ఈ ప్రశ్న వస్తుంది. రావాలి కూడా. అనంతపురంలో వేరుశనగ ఎండిపోయిన రైతు దుఃఖం మనకి తెలియనిది కాదు. మనదీ వానాధారమే. నీళ్లు ఒక్క చుక్క వాడొద్దని మనం అనట్లేదు. మనం అడిగేది మూడు ప్రశ్నలు.

మొదటిది: సముద్రం వాటా ఎంతో, నది బతకడానికి ఎంత నీరు పారాలో ముందు తేల్చారా? ఇంట్లో ఐదుగురున్నప్పుడు ఇద్దరు తినేసి "మిగిలిందంతా మిగులే" అంటే ఎట్లా? చేపకి, మడ చెట్టుకి, డెల్టాకి, సముద్రానికి వాటా తీసి పక్కన పెట్టాక మాట్లాడండి మిగులు గురించి.

రెండోది: పోలవరంతో మొదలైంది. 45.72 మీటర్ల నీటిమట్టం, 194 టీఎంసీల నిల్వ, లక్షకు పైగా నిర్వాసిత కుటుంబాలు, అందులో పెద్ద భాగం కోయలు, కొండరెడ్లు. 2014లో ఏడు మండలాల్ని రాత్రికి రాత్రి ఆర్డినెన్స్‌తో ఇటు కలిపారు, ఒక్క గ్రామసభని అడగలేదు. "41.15 కాంటూరులో ఉన్నావా, 45.72లో ఉన్నావా" అని మనిషిని మీటర్లతో కొలుస్తున్నారు. ఆ కుటుంబాల పునరావాసమే పూర్తికాకుండా, అక్కడి నుంచి 200 టీఎంసీలు బనకచర్లకి మళ్లిస్తామని 80 వేల కోట్లతో ఇంకో ప్రతిపాదన తెచ్చారు. పాత బాకీ తీర్చనోడికి కొత్త అప్పు ఎవరిస్తారు?

మూడోది: రాయలసీమలో వేల చెరువులున్నాయి. వాటిలో పూడిక తీసి, గొలుసుకట్టు కాలువల్ని బాగుచేసి, కొర్రకీ సజ్జకీ గిట్టుబాటు ధర ఇవ్వడానికి అంత డబ్బు అక్కర్లేదు. ఏ ఊరూ మునగదు. అయితే అందులో పెద్ద కాంట్రాక్టులుండవు. సీమ రైతు దాహం నిజం. ఆ దాహాన్ని చూపించి వేసే టెండర్ల మీదే మన అనుమానం. రైతుకీ మనకీ మధ్య తగువు పెట్టి మధ్యలో బిల్లులు పాస్ చేయించుకునేవాళ్లు ఎవరో మనం గుర్తుపట్టాలి.

ఏం చేద్దాం

కొమురం భీం మనకిచ్చిన నినాదంలో మొదటి మాట జల్. తర్వాతే జంగల్, జమీన్. కాబట్టి నీళ్ల మీద పని మొదలుపెడదాం.

మీ ఊరి ఊటలు, చెలమలు, వాగులు అన్నీ రాయండి. ఏది ఏ నెల దాకా పారుతుందో పెద్దోళ్లని అడిగి రాయండి. ఫోన్‌తో ఫొటో తీసి చోటు గుర్తు పెట్టండి. కంపెనీ వాళ్ల నివేదికలో "ఇక్కడ నీటి వనరులు లేవు" అని రాసినప్పుడు మన దగ్గర కాగితం ఉండాలి.

గ్రామసభలో తీర్మానం చేయండి. అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ నీటి పరీవాహక ప్రాంతాల్ని, నీటి వనరుల్ని కాపాడే అధికారం గ్రామసభకి ఇచ్చింది. పెసా చట్టం చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకి అప్పగించింది. ఈ అధికారం ఎవరూ కొత్తగా దయచేయక్కర్లేదు, చట్టంలో ఉంది. వాడకపోతే తుప్పు పడుతుంది.

ప్రజాభిప్రాయ సేకరణ పెడితే 30 రోజుల ముందు నోటీసు, తెలుగులో నివేదిక సారాంశం అడగండి. దిగువకి నీళ్లెంత తగ్గుతాయి, సముద్రానికి ఒండ్రు ఎంత తగ్గుతుంది అని సభలో లేచి అడగండి. ఆ ప్రశ్న కొండ మీది కుర్రాడి నోటి నుంచి వస్తుందని వాళ్లు ఊహించరు. జవాబు మినిట్స్‌లో రాయించండి.

తీరానికి వెళ్లండి. ఉప్పాడ వెళ్లండి, అంతర్వేది వెళ్లండి, పైపులైన్లకి ఎదురు తిరిగిన మత్స్యకారుల ఊళ్లకి వెళ్లండి. వాళ్లని మన ఊటల దగ్గరికి పిలవండి. వాళ్లదీ మనదీ ఒకే నీరు, మనం తల దగ్గర, వాళ్లు కాళ్ల దగ్గర. వాళ్లు ఒక కేసు, మనం ఒక కేసు, వాళ్లు ఒక ధర్నా, మనం ఒక ధర్నా అయినంతకాలం ఇద్దరినీ విడివిడిగా ఓడిస్తారు. సముద్రంలోకి పోయే విషం మీద వాళ్లు కొట్లాడితే మనం వెళ్లాలి. కొండ మీద గని మీద మనం కొట్లాడితే వాళ్లు రావాలి.

చివరిగా ఒక చిన్న పని. ఈ వర్షాకాలం మళ్లీ గేట్లు ఎత్తుతారు. మళ్లీ స్క్రోలింగ్ వస్తుంది. మీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ఆ వీడియో పెట్టి "అయ్యో, ఎన్ని నీళ్లు వృథా" అంటారు. ఊరుకోకండి. వాళ్లని తిట్టకండి కూడా. వాళ్లకి చెప్పండి: అది సముద్రం వాటా. వచ్చే ఏడు నీ చేనుకీ నా పోడుకీ వానై తిరిగొచ్చేది అదే. నిజంగా వృథా ఏంటో చూడాలనుంటే ఆ మురుగు కాలువని చూడు, ఆ కంపెనీ పైపుని చూడు, పునరావాస కాలనీలో పని లేక కూర్చున్న మా కోయ పిల్లల్ని చూడు.

జల్, జంగల్, జమీన్ మనవే.

జై ఆదివాసీ!